స్థూపం ఘనపరిమాణం: డ్రమ్ములో వెయ్యి లీటర్లు ఎలా వచ్చాయి?

60 సెంటీమీటర్ల వ్యాసం, 90 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న డ్రమ్ములో వెయ్యి లీటర్లకు పైగా పడతాయని లెక్క తేలింది, నమ్మశక్యంగా లేదు అని అడిగారు. మీ అనుమానం నిజమే. సూత్రంలో r దగ్గర వ్యాసార్థం 30 వేయాల్సింది పోయి వ్యాసం 60 వేశారు. r ను వర్గం చేస్తాం కాబట్టి ఆ పొరపాటు రెండింతలతో ఆగదు, జవాబు నాలుగింతలవుతుంది.

ఇంత తేలిగ్గా పట్టుకోగలిగానంటే కారణం, నేనూ ఇదే చేశాను. మొక్కలకు ద్రవ ఎరువు కలపడానికి 50 సెంటీమీటర్ల వ్యాసం, 80 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న డ్రమ్ముకు లెక్క వేస్తే 628 లీటర్లు వచ్చింది. దానికి తగ్గట్టు ఎరువు పోసేశాను. కొద్ది రోజుల్లోనే ఆకుల అంచులు మాడిపోయాయి. అప్పుడు డ్రమ్ము ఖాళీ చేసి, పది లీటర్ల బకెట్టుతో నీళ్లు పోస్తూ గోడ మీద సుద్దముక్కతో గీతలు పెట్టాను. పదహారో బకెట్టు పూర్తిగా ఒలికించకముందే నీరు అంచుకు వచ్చేసింది. అసలు లెక్క 157 లీటర్లు!

సూత్రం V = πr²h. అడుగున ఉన్న వృత్తం వైశాల్యాన్ని ఎత్తుతో గుణించడమే. మీ డ్రమ్ముకు 3.1416 × 30 × 30 × 90, అంటే సుమారు 2,54,470 ఘన సెంటీమీటర్లు. వెయ్యి ఘన సెంటీమీటర్లు ఒక లీటరు కనుక 254 లీటర్లకు కాస్త పైన. π విలువ 3.14 తీసుకోవాలా, 22/7 తీసుకోవాలా అని మల్లగుల్లాలు పడకండి. ఈ డ్రమ్ములో ఆ తేడా పావు లీటరు లోపే.

శ్రద్ధ పెట్టాల్సింది టేపు దగ్గర. ఎత్తు కొలవడంలో ఒక సెంటీమీటరు తప్పితే మీకు మూడు లీటర్లు కూడా తేడా రాదు. వ్యాసార్థం 30 బదులు 31 అనుకుంటే మాత్రం 17 లీటర్లు ఎక్కువ చూపిస్తుంది. మూతి మీద వృత్తకేంద్రం ఎక్కడుందో కంటికి తెలియదు కదా. టేపు ఒక కొనను లోపలి అంచుకు ఆనించి, రెండో కొనను ఎదుటి అంచు వెంట అటూ ఇటూ జరపండి. కనిపించిన అతి పెద్ద కొలతే వ్యాసం. మూత బిగించి ఉంటే డ్రమ్ము చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును 3.1416తో భాగించండి. అయితే అది బయటి వ్యాసం, గోడ మందాన్ని రెండు వైపులా తీసేయాలి. నడుము దగ్గర ఉబ్బిన డ్రమ్ములకు ఏ సూత్రం కంటే బకెట్టే నయం, నా మటుకు.

డ్రమ్ము నిలబెట్టి ఉంటే ఇంకో వెసులుబాటు ఉంది: మీ దాంట్లో ప్రతి సెంటీమీటరు ఎత్తుకూ 2.83 లీటర్లు. కర్ర ముంచి, తడిసినంత మేర కొలిచి గుణిస్తే సరి. పడుకోబెట్టిన డ్రమ్ముకు మాత్రం ఈ కర్ర లెక్క పనికిరాదు. సగం ఎత్తుకు సగం నీళ్లే ఉంటాయి గానీ, పావు ఎత్తులో ఉండేది దాదాపు ఐదో వంతే.