కాకస్‌లో మాట్లాడేదెవరు?

ప్రశ్న: అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జరిగే రిపబ్లికన్ కాకస్‌లో (అధ్యక్ష అభ్యర్థి ఎంపిక కోసం పార్టీవాళ్లు ఊరూరా పెట్టుకునే సమావేశంలో) మా అభ్యర్థి తరఫున మాట్లాడే వలంటీర్లను ఎలా సిద్ధం చేయాలి?

జవాబు: ప్రతి ప్రిసింక్ట్‌కూ (ఓటింగ్ కోసం విడదీసిన చిన్న ప్రాంతానికీ) ఒక వక్తనూ, అతను రాలేకపోతే మాట్లాడేందుకు మరొకరినీ ముందే పెట్టుకోండి. జనవరి మంచులో ఆఖరి గంటలో ఆగిపోయేవాళ్లు ఉంటారు. వక్త ఆ ప్రిసింక్ట్ మనిషే అయితే మేలు. ఇరుగుపొరుగు మాటకున్న బరువు బయటివాళ్ల ఉపన్యాసానికి రాదు. ప్రసంగాన్ని రెండు నిమిషాలకు కుదించి, గడియారం పెట్టి, పైకి చదివించండి. మద్దతుకు ఒక్క బలమైన కారణం చాలు. ప్రత్యర్థులను మాత్రం తిట్టనివ్వొద్దు, వాళ్లవాళ్లూ ఆ గదిలోనే కూర్చుని ఉంటారు. ప్రసంగాలయ్యాక చీటీలపై రహస్య ఓటు జరుగుతుంది. 2024లో సమావేశాలు రాత్రి 7 గంటలకు మొదలయ్యాయి. మీవాళ్లు అరగంట ముందే చేరాలి. లెక్కింపు దగ్గర ఒకరిని నిలబెట్టి అంకెలు రాసుకోమనండి.