వ్యాన్ బాగుచేసుకుంటానన్న మేనల్లుడికి

నాయనా,

నువ్వు పాత వ్యాన్ కొన్నావనీ, అది పొగ పరీక్షలో తప్పిందనీ, పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్‌ని నువ్వే విప్పుతానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. చిన్నప్పుడు నా పానాల పెట్టె పక్కనుంచి కదిలేవాడివి కాదు. ఇవాళ నీ బండి నువ్వే చూసుకుంటానంటే కడుపు నిండినట్టయింది. ఆ వెంటనే భయం పట్టుకుంది, నిద్ర పట్టక లేచి రాస్తున్నాను.

కార్బురేటర్ జోలికి చివరన వెళ్లు. ముందు ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, వాటికి నిప్పురవ్వ అందించే పాయింట్ల గ్యాప్, ఆ రవ్వ పడే టైమింగ్ చూసుకో. ప్లగ్గు మొన మీద పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, తెల్లబడితే గాలి ఎక్కువవుతోంది, లేత గోధుమరంగులో ఉంటే మంట బాగున్నట్టే. నీలం పొగ వస్తే కాలుతున్నది ఇంజన్ ఆయిల్, కార్బురేటర్ తప్పేం లేదు. పరీక్ష కాగితంలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువుంటే స్టార్టింగ్‌లో గాలి తగ్గించే చోక్ పూర్తిగా తెరుచుకుంటోందా, కార్బురేటర్లో పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నెలో మట్టం పెరిగిందా చూడు. కార్బన్ మోనాక్సైడ్ తక్కువగా ఉండి హైడ్రోకార్బన్లు, అంటే కాలని పెట్రోలు, మాత్రం ఎక్కువుంటే మంట తప్పుతోంది. ప్లగ్గు దగ్గరో, గాలి లీకు దగ్గరో వెతుకు.

ఆ గాలి లీకే నన్ను చావుదాకా తీసుకెళ్లింది. అప్పుడు నాకు నీ వయసే. బండి నిలబెట్టి ఇంజన్ స్లోలో ఉంచితే వణికి వణికి ఆగిపోయేది. తప్పంతా స్లోలో పెట్రోలు, గాలి పాళ్లు సర్దే మిక్స్చర్ స్క్రూదేనని తేల్చేసుకుని పావు చుట్టు లోపలికి, పావు చుట్టు బయటికి తిప్పుతూ కూర్చున్నాను. పంతం కొద్దీ బిగిస్తే దాని సూది మొన మీద గాడి పడింది, గోరు పెడితే తగిలేది. ఆ స్క్రూని మెత్తగా ఆనేదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీసి మొదలుపెట్టాలిరా. నీ బండి పుస్తకంలో వేరే లెక్కుంటే అదే పాటించు.

బయట వాన. షెడ్డు తలుపులు మూసి, ఇంజన్ నడుస్తుండగానే పనిచేస్తున్నాను. తల నొప్పెట్టింది, తిండి లేకనేమో అనుకున్నాను. కాసేపటికి స్క్రూడ్రైవర్ గాడిలో కూర్చోవడం మానేసింది. పెట్టినకొద్దీ పక్కకు జారుతుంటే స్క్రూ మీద కోపమొచ్చిందే గానీ, నా చెయ్యే వశం తప్పిందని తట్టలేదు. భోజనానికి పిలవడానికి మీ అత్తయ్య వచ్చి తలుపు తీసేసరికి బంపర్‌కి ఒరిగి కూర్చున్నానట. నన్ను వానలోకి ఈడ్చింది ఆవిడే. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగుండదు, వాసనుండదు. ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. ఒరేయ్, తలుపులు మూసి ఇంజన్ స్టార్ట్ చేశావని తెలిస్తే మళ్లీ నీతో మాట్లాడను.

చివరికి అసలు లోపం ఎక్కడుందో తెలుసా? ఇంజన్ పీల్పుతో బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే రబ్బరు గొట్టంలో. బూస్టర్ వైపు క్లిప్పు కింద గోరంత చీలిక, వంచితేనే నోరు తెరిచేది. అందుకే గొట్టాలను ఒక్కొక్కటే మెల్లగా నొక్కి చూడు, నొక్కగానే ఇంజన్ శబ్దం మారితే ఆ దారి వెంట వెతుకు. లీకు కోసం వేడి ఇంజన్ మీద పెట్రోలు మాత్రం చల్లకు.

నీ వ్యాన్‌లో ఇంజన్ ముందు సీట్ల మధ్యే ఉంటుందట కదా. ఇంజన్ మీది మూత చుట్టూ ఉండే రబ్బరు గట్టిపడితే పొగ నేరుగా లోపలికొస్తుంది. పిల్లలు వెనక సీట్లో పడుకుంటారు, వాళ్లు నిద్రపోతున్నారో సొమ్మసిల్లారో నడిపేవాడికి తెలీదు. స్క్రూ సంగతి తర్వాత, ముందు ఆ రబ్బరు మార్చు. సైలెన్సర్ జాయింట్లు చూడు.

విప్పే రోజు నాకు ఫోన్ చెయ్యి. ఇంజన్ స్లోలో పెట్టి ఫోన్ దాని దగ్గర పట్టుకో. ఆ చీలిక చేసే సన్నటి ఈల నా చెవుల్లో ఇంకా ఉంది, వింటే గుర్తుపడతాను. తలుపు తీసే ఉంచు నాన్నా.

మీ మామయ్య