టెక్ సందేహాలు: గవర్నర్ పీకేస్తే పవర్ పెరుగుతుందా?

ఎండలు ముదిరి కరెంటు కోతలు మొదలైతే చాలు, ఈ ప్రశ్న రకరకాల వేషాల్లో వస్తూనే ఉంటుంది. జనరేటర్‌కి గవర్నర్ (ఇంజన్ వేగాన్ని హద్దులో ఉంచే భాగం) తీసేయొచ్చా, కలుపు తీసే వీడర్‌కి తీసేయొచ్చా, గో-కార్ట్‌కి (చిన్న రేసు బండికి) ఎలా తీయాలి, చివరికి బ్యాటరీ స్కూటర్‌కి కూడా. ఈసారి అన్నీ ఒకేచోట. ప్లగ్ ఎలా విప్పాలి, ఆయిల్ ఎంత పోయాలి లాంటివి మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

ప్రశ్న: ఇంట్లో 2 కేవీఏ పెట్రోల్ జనరేటర్ ఉంది. స్టార్ట్ చేస్తే లైట్లు, ఫ్యాన్లు బాగానే పనిచేస్తాయి గానీ కంప్యూటర్ యూపీఎస్ మాత్రం బ్యాటరీ మీదే నడుస్తూ కీచుమంటుంది. గవర్నర్ తీసేస్తే ఓల్టేజీ పెరిగి యూపీఎస్ తీసుకుంటుందని ఒక వీడియోలో చూశాను. నిజమేనా? (భీమవరం)

కాదు. యూపీఎస్ ఓల్టేజీ ఒక్కటే చూడదు, ఫ్రీక్వెన్సీ కూడా చూస్తుంది, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతోందో. దాని కొలతే హెర్ట్జ్. చాలా యూపీఎస్‌లు దాదాపు 47 నుంచి 53 హెర్ట్జ్ వరకే ఒప్పుకుంటాయి. అది దాటితే బయటి కరెంటుని వదిలేసి బ్యాటరీ మీదికి వెళ్లిపోతాయి. ఇళ్లలో వాడే ఇలాంటి చిన్న జనరేటర్లు మామూలుగా రెండు పోల్స్ రకం. నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే 50 హెర్ట్జ్, 3,300 తిరిగితే 55. ఆ 3,000ని పట్టి ఉంచేదే గవర్నర్. దాన్ని తీసేస్తే యూపీఎస్ అలక ఇంకా ముదురుతుంది తప్ప తీరదు.

లోపల జరిగేది ఇంతే. క్రాంక్‌కేస్‌లో ఒక చిన్న ప్లాస్టిక్ పళ్ల చక్రం, దాని మీద బరువు రెక్కలు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ రెక్కలు విచ్చుకుని మధ్యలోని గూటాన్ని ముందుకు నెడతాయి. ఆ తోపు బయటి లివర్ ద్వారా వెళ్లి కార్బురేటర్ త్రాటిల్‌ని (ఇంజన్‌కి పెట్రోలు, గాలి వెళ్లే దారి తలుపుని) మూస్తుంది. బయట కనిపించే స్ప్రింగ్ దానికి ఎదురు, త్రాటిల్‌ని తెరవడానికి లాగుతూ ఉంటుంది. ఈ రెండింటి లాగులాటే మీకు వచ్చే 50 హెర్ట్జ్. స్ప్రింగ్ ఊడిపోతే ఇంజన్ నీరసంగా తిరుగుతుంది. లివర్ రాడ్ ఊడదీసి త్రాటిల్‌ని తీగతో కట్టేస్తే ఇక ఇంజన్‌ని ఆపే దిక్కుండదు.

వీడియోల్లో చూపించేది ఆ తీగ కట్టడమే. లోడు ఉన్నంతసేపూ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఫ్రిజ్ కంప్రెసర్ ఆగిన క్షణం లోడు పడిపోతుంది, ఇంజన్ ఒక్కసారిగా రేసు అందుకుంటుంది. కెపాసిటర్ రకం జనరేటర్ అయితే వేగంతో పాటు ఓల్టేజీ కూడా ఎగబాకుతుంది. 230 ఉండాల్సిన చోట 300 దాటితే ముందు పోయేవి టీవీ, ఫ్రిజ్, రౌటర్ల సప్లై బోర్డులు. ఏవీఆర్ (ఓల్టేజీని దానంతటదే నిలకడగా ఉంచే సర్క్యూట్) ఉన్న జనరేటర్‌లో ఓల్టేజీ కొంత అదుపులో ఉన్నా ఫ్రీక్వెన్సీ చెయ్యి దాటుతుంది.

మీరు చేయాల్సింది ఇది. సాకెట్లో పెట్టే ప్లగ్-ఇన్ ఎనర్జీ మీటర్ ఒకటి కొనండి, ఓల్టులు, హెర్ట్జ్, వాట్లు మూడూ చూపించేది. ఇంజన్‌ని పది నిమిషాలు వేడెక్కనిచ్చి, లోడు లేకుండా చూడండి. 51.5 నుంచి 52.5 మధ్య ఉండాలి. తర్వాత వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె పెట్టి చూడండి. 50 దగ్గర నిలబడాలి. ఇప్పుడు అంకెలు చదవండి:

హెర్ట్జ్ సరిగా ఉండి ఓల్టేజీ 170, 180 దగ్గర ఉంటే ఇంజన్ తప్పు లేదు. కెపాసిటరో, ఏవీఆరో, బ్రష్‌లో చూడాలి. గవర్నర్ స్ప్రింగ్ బిగించి ఓల్టేజీ తెప్పించే మెకానిక్‌లు ఉన్నారు. వాళ్లకి దండం పెట్టి పంపించేయండి. పాడైంది కెపాసిటర్ అయితే మూల్యం చెల్లించేది మీ టీవీ.

రెండూ తక్కువగా ఉంటే ఇంజన్ వేగం చాలట్లేదని. ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత కార్బురేటర్. ఆ రెండూ శుభ్రంగా ఉన్నాకే స్ప్రింగ్ దగ్గరి స్క్రూ ముట్టుకోండి, అదీ పావు చుట్టు చొప్పున.

లోడు లేనప్పుడు 54, 55 చూపిస్తే మీ ప్రశ్నకి జవాబు అదే. ఎవరో ఇదివరకే స్క్రూ తిప్పారు. వెనక్కి తిప్పి 52కి తెండి. యూపీఎస్ దానంతటదే దారికొస్తుంది.

ఇంటి ఇన్వర్టర్ కూడా ఇలాగే మొరాయిస్తుంటే దాని వెనక ఉన్న స్విచ్‌ని ‘యూపీఎస్’ మోడ్ నుంచి ‘నార్మల్’ మోడ్‌కి మార్చండి. యూపీఎస్ మోడ్‌లో ఓల్టేజీ దాదాపు 180–260 మధ్య ఉంటేనే తీసుకుంటుంది. నార్మల్‌లో హద్దులు చాలా విశాలం.

ఇక్కడ తయారీదార్ల మీద నాకున్న కోపం కొంచెం కక్కాలి. ఈ తరహా జనరేటర్లకి యూఎస్‌బీ సాకెట్ పెడతారు, మెరిసే డిజిటల్ ఓల్ట్‌మీటర్ పెడతారు, ఇప్పుడు రిమోట్ స్టార్ట్ కూడా ఇస్తున్నారు. హెర్ట్జ్ చూపించరు. ఏవీఆర్ పుణ్యమా అని ఓల్ట్‌మీటర్ 230 దగ్గర కూర్చుని అంతా బాగుందని చెబుతుంటుంది, లోపల 56 హెర్ట్జ్ తిరుగుతుంటుంది. ఆ తెరలోనే ఇంకో అంకె చూపించడానికి అదనంగా అయ్యే ఖర్చు ఎంతని? కొనేవాళ్లు అడగరు కాబట్టి పెట్టరు.

అడగకపోయినా ఒక మాట. రెండు వైపులా పిన్నులున్న వైరుతో జనరేటర్‌ని గోడ సాకెట్లోకి కలపకండి. మెయిన్ ఆపడం మరిచారంటే కరెంటు వీధి లైనులోకి ఎదురెక్కుతుంది, స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు. లైను కరెంటూ జనరేటర్ కరెంటూ ఎప్పుడూ కలవకుండా చూసే చేంజోవర్ స్విచ్ పెట్టించండి.

ప్రశ్న: పవర్ వీడర్ ఇంజన్ రేసు దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఊగుతోంది. గవర్నర్ పోయింది, తీసేసి డైరెక్ట్ చేస్తానంటున్నాడు మెకానిక్. (మహబూబాబాద్ జిల్లా)

చేయనివ్వకండి. ఇలా ఊగే ఇంజన్లలో నిజంగా గవర్నర్ పోయినవి అరుదు. పెట్రోలు సరిగా అందక ఇంజన్ నీరసిస్తుంది, గవర్నర్ త్రాటిల్ తెరుస్తుంది, వేగం పెరుగుతుంది, మళ్లీ మూస్తుంది. అంటే గవర్నర్ తన పని తాను చేస్తోంది. అసలు దొంగ పైలట్ జెట్, అంటే కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రం ఉన్న చిన్న ముక్క.

చిన్న పరీక్ష చెయ్యండి. ఇంజన్ ఊగుతున్నప్పుడు చోక్‌ని సగం మూయండి. ఊగడం ఆగిందంటే మిశ్రమం పలచబడిందని, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందట్లేదని ఖాయం. కార్బురేటర్ విప్పి, పైలట్ జెట్ తీసి వెలుతురుకి పట్టి చూడండి. సన్నటి రంధ్రం గుండ్రంగా, ఖాళీగా కనిపించాలి. మూసుకుపోతే కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి దూర్చండి, తర్వాత కార్బ్ క్లీనర్ కొట్టండి. ఉక్కు తీగ, సూది వాడితే రంధ్రం పెద్దదై కొత్త జబ్బు మొదలవుతుంది. జెట్ శుభ్రంగా ఉన్నా ఊగుతుంటే కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉన్న గాస్కెట్లు గాలి లాగుతున్నాయేమో చూడండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమ పీల్చుకుంటుంది. సీజన్ అయ్యాక ట్యాంకులో పెట్రోలు ఉంచి షెడ్డులో పడేస్తే మళ్లీ సీజన్‌కి ఇదే తంతు. ట్యాంకు ఖాళీ చేసి, పెట్రోల్ కాక్ మూసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి పెట్టండి. కార్బురేటర్ కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ కూడా ఒకసారి విప్పండి.

కలిసొచ్చిన మెకానిక్ దొరికితే గవర్నర్ లివర్ అమరికా సరిచూడమనండి. లివర్ క్లాంప్ నట్టు వదులు చేసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని, త్రాటిల్ తెరిచేటప్పుడు లివర్ ఎటు కదిలిందో అటే గవర్నర్ షాఫ్టుని ఆగేదాకా తిప్పి, అక్కడ నట్టు బిగించాలి. ఎదురు వైపు తిప్పి బిగిస్తే మొదటి కిక్కుకే ఇంజన్ అరుస్తుంది.

ప్రశ్న: మాది ఇంజినీరింగ్ కాలేజీ టీమ్. గో-కార్ట్‌లో 196 సీసీ ఇంజన్ ఉంది, నిమిషానికి 3,600 చుట్లు దాటట్లేదు. ఇంట్లోనే గవర్నర్ తీసే పద్ధతి చెప్పండి. (విశాఖపట్నం)

పోటీ నిబంధనల్లో గవర్నర్ గురించి ఏముందో ముందు చదవండి. తీయొద్దని ఉంటే ఇక్కడితో ఆగండి.

తీయడం పెద్ద విద్యేమీ కాదు. ఆయిల్ దించి, పక్క కవర్ బోల్టులు విప్పి, కవర్‌ని రబ్బరు సుత్తితో నెమ్మదిగా కదపాలి. క్యామ్‌షాఫ్ట్ తీసేముందు క్రాంక్ గేర్ మీది చుక్కా, క్యామ్ గేర్ మీది చుక్కా ఎదురెదురుగా తెచ్చి ఫోటో తీసుకోండి. ట్యాపెట్లు జారిపడకుండా ఇంజన్‌ని పక్కకి వాల్చి ఉంచాలి. గవర్నర్ చక్రాన్ని పట్టి ఉంచే క్లిప్ తీస్తే చక్రం వచ్చేస్తుంది. బయటి షాఫ్ట్ కూడా తీసేస్తే ఆ రంధ్రాన్ని బోల్టుతో, సీలెంట్‌తో మూయాలి, లేకపోతే ఆయిల్ అంతా అక్కడి నుంచే పోతుంది. కొత్త గాస్కెట్ వేసి, కవర్ బోల్టులు ఎదురెదురు మూలల క్రమంలో బిగించాలి.

అసలు కథ దాని తర్వాతే. గవర్నర్ పోతే ఈ ఇంజన్‌కి ఇంకో వేగ నియంత్రణ లేదు. ఇగ్నిషన్ కాయిల్ దానంతటది ఆపదు. 3,600 నుంచి 5,000కి వెళ్తే వేగం 39 శాతమే పెరుగుతుంది గానీ కనెక్టింగ్ రాడ్ మీద, ఫ్లైవీల్ మీద పడే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే దాదాపు రెట్టింపు. ఈ ఇంజన్లలో రాడ్ పోత అల్యూమినియం, ఫ్లైవీల్ పోత ఇనుము. రాడ్ తెగితే క్రాంక్‌కేస్‌కి కిటికీ పడుతుంది, అది ఇంజన్‌తో పోయే నష్టం. ఫ్లైవీల్ పగిలితే ముక్కలు పల్చటి రేకు కవర్‌ని చీల్చుకుని వస్తాయి, డ్రైవర్ దానికి ఒకటి రెండు అడుగుల దూరంలో కూర్చుని ఉంటాడు.

అందుకని క్రమం తిరగెయ్యండి. ముందు దుక్కలోంచి కోసిన బిల్లెట్ ఫ్లైవీల్, బిల్లెట్ రాడ్, గట్టి వాల్వ్ స్ప్రింగులు. త్రాటిల్‌కి రెండు రిటర్న్ స్ప్రింగులు, డ్రైవర్ చేతికి కట్టే కిల్ స్విచ్ (ఇంజన్‌ని వెంటనే ఆపేది). ఇవి బిగించాకే గవర్నర్ సంగతి. వీటికి డబ్బు లేదంటే ఇంజన్ ముట్టుకోకుండా వెనక తక్కువ పళ్లున్న స్ప్రాకెట్ (చైను చక్రం) వేయండి. పికప్ కొంత పోతుంది, టాప్ స్పీడు వస్తుంది.

ప్రశ్న: నా బ్యాటరీ స్కూటర్ 25 దాటదు. లిమిట్ తీసేసే యాప్ అంటూ టెలిగ్రామ్ గ్రూపులో ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ వేసుకునే ఫైల్) ఇచ్చారు. వేసుకోవచ్చా? (హైదరాబాద్)

ఈ వారం అన్ని ప్రశ్నల్లోకీ నన్ను ఎక్కువ కంగారుపెట్టింది ఇదే. బండి సంగతి తర్వాత, ముందు ఫోన్.

బ్లూటూత్ ద్వారా స్కూటర్ కంట్రోలర్‌తో (మోటారుని నడిపించే బోర్డుతో) మాట్లాడే యాప్‌కి ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్లలో ‘నియర్‌బై డివైసెస్’ అనుమతి చాలు. పాత ఫోన్లలో బ్లూటూత్ వెతకడానికి లొకేషన్ అడుగుతుంది, అది మామూలే. ఎస్సెమ్మెస్ అడిగిందా, నోటిఫికేషన్లు చదువుతానందా, యాక్సెసిబిలిటీ ఆన్ చెయ్యమందా, అది స్కూటర్ యాప్ కాదు, మీ ఓటీపీల కోసం వచ్చిన యాప్. యాక్సెసిబిలిటీ ఇచ్చారంటే తెర మీద ఉన్నది చదువుతుంది, మీ బదులు బటన్లు నొక్కుతుంది. ‘ప్లే ప్రొటెక్ట్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి’ అని గ్రూపులో రాసి ఉంటే ఇంక అనుమానమే అక్కర్లేదు, అది చెడ్డ యాప్‌లని పట్టే గూగుల్ తనిఖీ.

ఇప్పటికే వేసుకున్నవాళ్లు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయండి. తర్వాత ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో తెరిచి, యాక్సెసిబిలిటీలోనూ డివైస్ అడ్మిన్ యాప్స్‌లోనూ దాని పేరు ఉంటే ఆపి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఆ క్రమం తప్పితే అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోవచ్చు. సిమ్‌ని ఇంకో ఫోన్లో వేసి ##002# డయల్ చేస్తే ఎవరైనా కాల్ ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే రద్దవుతుంది. పాస్‌వర్డ్‌లన్నీ ఆ రెండో ఫోన్ నుంచే మార్చండి. చివరగా పాత ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే మంచిది.

ఇక బండి. 250 వాట్ల లోపు మోటారు, 25 కిలోమీటర్ల లోపు వేగం, బ్యాటరీ కాక 60 కిలోలకు మించని బరువు ఉన్నందుకే మీ స్కూటర్‌కి రిజిస్ట్రేషన్, లైసెన్స్ అడగట్లేదు. లిమిట్ తీసిన క్షణం అది నంబరు ప్లేటూ ఇన్సూరెన్సూ లేని మోటారు వాహనం. గుద్దితే నష్టపరిహారం మీ జేబులోంచే. పైగా చక్రంలోనే ఉండే హబ్ మోటారు వేగం చివరికి బ్యాటరీ ఓల్టేజీ దగ్గర ఆగిపోతుంది, కాబట్టి లాక్ తీసినా వచ్చేది కొద్దిపాటి వేగమే. కంట్రోలర్, బ్యాటరీ వేడెక్కడం మాత్రం అదనం, బ్రేకులు పాతవే.

ఈ యాప్ బండ్లని డిజైన్ చేసేవాళ్ల నిర్లక్ష్యం కూడా తక్కువేం కాదు. 2019లో విదేశాల్లో బాగా అమ్ముడైన ఒక నిలబడి నడిపే స్కూటర్‌లో, పాస్‌వర్డ్‌ని యాప్ ఒక్కటే అడుగుతోందని, బండి అసలు అడగట్లేదని భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. వంద మీటర్ల దూరం నుంచి ఎవరైనా నడుస్తున్న బండికి బ్రేకు వేయగలిగారు. మీ స్కూటర్ యాప్‌లో బ్లూటూత్ పిన్ ఇంకా 000000 లేదా 1234 అయితే ఇవాళే మార్చండి. మార్చే వీలే ఇవ్వలేదంటే యాప్ అనుసంధానం ఆపేసి తాళంచెవితో నడుపుకోండి.