అమ్మేసిన గేమ్ అకౌంట్ మళ్లీ మీ చేతికే వస్తే?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే గొడవ చుట్టూ తిరుగుతున్నాయి. మొదటిది పొడవైంది, ముడి కూడా అందులోనే ఉంది కాబట్టి ఎక్కువ చోటు దానికే ఇస్తున్నా.

సందేహం: మూడేళ్లు ఆడిన గేమ్ అకౌంట్‌ని ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒకతనికి అమ్మాను. ఈమెయిల్, పాస్‌వర్డ్ ఇచ్చేశాను, డబ్బు వచ్చింది. ఫోన్ నంబర్ మార్చడం మాత్రం ఇద్దరం మర్చిపోయాం. పది రోజుల తర్వాత అర్ధరాత్రి నా ఫోన్‌కి ‘కొత్త పరికరం నుంచి లాగిన్ అయ్యారు, ఇది మీరేనా?’ అని వచ్చింది. నిద్రమత్తులో అలవాటుగా ‘నేను కాదు’ నొక్కేశాను. అకౌంట్ లాక్ అయింది. నేను కావాలనే వెనక్కి లాక్కున్నానని అతను అంటున్నాడు. రెండింతల డబ్బు ఇవ్వకపోతే పోలీస్ కంప్లయింట్ ఇస్తాడట, నా అడ్రస్ అందరికీ కనిపించేలా పెడతాడట. నేను మోసం చేయలేదండీ. నన్ను అరెస్టు చేస్తారా? గేమ్ కంపెనీకి చెప్తే సాయం చేస్తారా? (పేరు వద్దన్నారు)

జవాబు: ముందు ఊపిరి పీల్చుకోండి. నేను లాయర్ని కాను. అయినా మీ కథంతా ఆ రాత్రి మీరు నొక్కిన బటన్ దగ్గరే తిరుగుతోంది, అది నా శాఖే కాబట్టి మాట్లాడతా.

మోసం కేసులో దాదాపు ఎక్కడైనా ముందు చూసేది ఉద్దేశం. డబ్బు తీసుకునేటప్పుడే ‘తర్వాత వెనక్కి లాగేద్దాం’ అనుకున్నారా లేదా అన్నది. అనుకోలేదని మీకు తెలుసు, సరే, కానీ అతనికెలా తెలుస్తుంది? అతని వైపు నుంచి ఒకసారి చూడండి: డబ్బిచ్చాడు, పది రోజులు ఆడాడు, పదకొండో రోజు పొద్దున లేచేసరికి పాస్‌వర్డ్ పనిచేయట్లేదు, విచారిస్తే లాక్ చేసింది అమ్మినవాడి ఫోన్ నుంచే అని తేలింది. అకౌంట్లు అమ్మి వెనక్కి లాక్కోవడమే పనిగా పెట్టుకున్నవాళ్లు చేసేది కూడా అచ్చం ఇదే. అతని కోపంలో తప్పు లేదు, బెదిరింపుల సంగతి వేరే, దానికి తర్వాత వస్తా.

అందుకే నేను మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న: నొక్కిన తర్వాత ఏం చేశారు? ఉత్తరంలో రాయలేదు. పొద్దున లేచి తప్పు తెలిసి వెంటనే అతనికి చెప్పి ఉంటే అది పొరపాటు. అలా కాకుండా ‘ఎలాగూ నా దగ్గరికే వచ్చింది కదా’ అని పాస్‌వర్డ్ మార్చి, లోపలికెళ్లి రెండు మ్యాచ్‌లు ఆడారంటే మాత్రం పొరపాటు అనే మాట ఇక నిలబడదు, ఎందుకంటే ఆ లాగిన్ సమయం, పరికరం పేరు, ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచో చెప్పే ఐపీ అడ్రస్ అన్నీ కంపెనీ సర్వర్లలో రికార్డై ఉంటాయి. అనుమతి లేకుండా ఇంకొకరి సిస్టంలోకి వెళ్లడం చాలా దేశాల్లో నేరం. 2001 నాటి బుడాపెస్ట్ సైబర్ నేరాల ఒప్పందంలో మొట్టమొదట రాసుకున్న నేరం అదే. ‘అకౌంట్ ఇప్పటికీ నా పేరు మీదే ఉంది కదా’ అంటారేమో. డబ్బు తీసుకున్నాక ఆ వాదన వినేవాళ్లు తక్కువ. అందుకే ఇప్పటికీ లాగిన్ అవ్వకపోతే ఇకపై కూడా అవ్వకండి, చూసొద్దామని కూడా వద్దు.

ఇంకో చేదు మాట. మీరు అమ్మిన అకౌంట్ అసలు మీది కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మనమంతా చదవకుండా ‘అంగీకరిస్తున్నా’ నొక్కే ఆ పొడుగాటి కాగితంలో గేమ్‌లు అమ్మే స్టీమ్ వాళ్లూ, గేమ్‌లు తయారుచేసే బ్లిజార్డ్, రయట్, సూపర్‌సెల్ వాళ్లూ ఈ మాట రాసే పెట్టారు: అకౌంట్ అమ్మకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. మీకున్నది వాడుకునే అనుమతి మాత్రమే. అద్దెకుంటున్న ఇంటి తాళంచెవి అమ్మినట్టు. ఆ యజమాని దగ్గర రిజిస్టర్‌లో ఇంకా మీ పేరే ఉంది, తలుపు ఇరుక్కుంటే మిమ్మల్నే పిలుస్తాడు. అర్ధరాత్రి ఆ మెసేజ్ మీకే రావడానికి కారణం అదే.

డబ్బు పెట్టి కొన్న గేమ్ నాది కాకుండా ఎలా పోతుందని కోర్టుకెళ్లినవాళ్లు లేకపోలేదు. ఫ్రాన్స్‌లో ఒక వినియోగదారుల సంఘం స్టీమ్ నడిపే వాల్వ్ మీద కేసు వేస్తే 2019లో పారిస్ కోర్టు, గేమ్‌లు తిరిగి అమ్ముకోవచ్చని తీర్పిచ్చింది. చాలామంది సంబరపడ్డారు, నాతో సహా. 2022లో అప్పీల్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అమెరికాలో కాలిఫోర్నియా ఇంకో దారి పట్టింది. అక్కడ 2025 నుంచి అమలైన చట్టం ప్రకారం, డిజిటల్ సరుకు అమ్మేవాళ్లు ‘నువ్వు కొంటున్నది లైసెన్స్ మాత్రమే’ అని ముందే స్పష్టంగా చెప్పాలి. యాజమాన్యం మాత్రం చేతికి రాలేదు.

మరి షరతులు మీరినందుకు జైలా? ఆ ఒక్క కారణానికైతే కాదు. అది మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం, మీరితే వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం అకౌంట్ మూసేయడం. అతను పోలీసుల దగ్గరికి వెళ్తే ప్రశ్న వచ్చేది ‘అకౌంట్ అమ్మావా’ అని కాదు, ‘డబ్బు తీసుకుని ఎగ్గొట్టావా’ అని.

కంపెనీ సాయం సంగతికి వస్తే, ఇక్కడ చాలామంది కాలు జారతారు. సపోర్ట్‌కి రాసేటప్పుడు ‘నా అకౌంట్ హ్యాక్ అయింది, దయచేసి తెరవండి’ అని రాయాలని చేతులు దురద పెడతాయి. రాయకండి. తెరిస్తే తెరుస్తారు, కానీ ‘హ్యాక్ చేశారు’ అని మీ చేత్తో రాసిన అబద్ధం తారీఖుతో సహా ఆ టికెట్‌లో, అంటే మీ ఫిర్యాదు రికార్డులో ఉండిపోతుంది. రేపు అతను కంప్లయింట్ ఇచ్చి, విచారణలో ఆ టికెట్ బయటికొస్తే, అప్పటిదాకా పొరపాటుగా ఉన్నది కాస్తా పన్నాగంలా కనిపిస్తుంది. పోనీ నిజం రాద్దామంటే, అమ్మినట్టు ఒప్పుకున్న అకౌంట్‌ని వాళ్లు శాశ్వతంగా మూసేసే అవకాశమే ఎక్కువ. కాబట్టి అకౌంట్ కథ ముగిసిందనే అనుకోండి.

ఇక మిగిలింది డబ్బు. నా మాటగా చెప్తున్నా, అతను ఇచ్చినంతా తిరిగి ఇచ్చేయండి. పది రోజులు ఆడాడు కదా, లాక్ చేసింది కంపెనీ కదా అని లెక్కలు వేసుకోకండి. రెండింతలు మాత్రం వద్దు. బెదిరించాడని అదనంగా ఇస్తే అక్కడితో ఆగుతాడన్న నమ్మకం లేదు.

పంపే పద్ధతిలో జాగ్రత్త. అతను ఏ దారిలో పంపాడో అదే దారిలో, అదే ఖాతాకి. ఆన్‌లైన్ చెల్లింపుల సేవ పేపాల్‌లో అయితే మీకొచ్చిన ఆ లావాదేవీనే తెరిచి ‘రిఫండ్’ నొక్కాలి, విడిగా కొత్త పేమెంట్ చేయకూడదు. ‘మా ఫ్రెండ్ నంబర్‌కి పంపు’ అంటే ఒప్పుకోకండి. కారణం చెప్తా. పేపాల్‌లో కొన్నవాడికి వివాదం తెరవడానికి 180 రోజుల గడువుంది, కార్డు పేమెంట్లకి బ్యాంకు ద్వారా వెనక్కి లాగే చార్జ్‌బ్యాక్ చాలా సందర్భాల్లో 120 రోజుల దాకా నడుస్తుంది. మీరు వేరే దారిలో పంపేశాక అతను పాత పేమెంట్ మీద కూడా వివాదం వేశాడనుకోండి, ఒక్క అకౌంట్‌కి రెండుసార్లు డబ్బు పోతుంది. అతను ఇప్పటికే వివాదం తెరిచాడేమో కూడా చూసుకోండి, తెరిచి ఉంటే ఆ వివాదం పేజీలోంచే తిరిగి ఇవ్వాలి.

పంపే ముందు ఒక మెసేజ్, అంతే, పొడుగు సంజాయిషీ వద్దు. ఇలా ఉంటే చాలు: ‘ఫలానా తేదీ రాత్రి సెక్యూరిటీ మెసేజ్‌కి పొరపాటున నేను కాదు అని నొక్కాను, అందువల్ల లాక్ అయింది. ఆ తర్వాత నేను లాగిన్ కాలేదు. మీరు పంపిన మొత్తం అదే లావాదేవీ మీద తిరిగి పంపుతున్నాను, అందిన తర్వాత చెప్పండి.’ ఇందులో ప్రతి ముక్కా నిజమైతేనే పంపండి.

ఆధారాలు ఇవాళే దాచండి. సెక్యూరిటీ మెసేజ్ స్క్రీన్‌షాట్, ఈమెయిల్‌గా కూడా వచ్చి ఉంటే ఒరిజినల్ డిలీట్ కాకుండా, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి. చాట్ యాప్‌లో మాయమయ్యే మెసేజ్‌లు ఆన్‌లో ఉంటే ఇప్పుడే ఆపేయండి. ఒక చిన్న విషయం, చాలామందిని తికమక పెడుతుంది: ఇలాంటి అలర్ట్‌లలో సమయం తరచుగా ప్రపంచమంతటికీ ఒకటే లెక్కైన యూటీసీలో ఉంటుంది, మీ ఫోన్ గడియారం ప్రకారం కాదు. మీరు ‘రాత్రి ఒంటిగంటకి’ అని చెప్పి, మెయిల్‌లో ఇంకో గంట కనిపిస్తే అబద్ధమనుకుంటారు. తేడా ఎంతో పక్కనే రాసిపెట్టుకోండి. మీకు చెడుగా కనిపించే మెసేజ్‌లు కూడా చెరపకండి, అవతలి ఫోన్‌లో ఎలాగూ ఉంటాయి.

ఇప్పుడు బెదిరింపులు. కంప్లయింట్ ఇస్తాననడం అతని హక్కు. అడ్రస్ బయటపెడతానని భయపెట్టి రెండింతలు అడగడం హక్కు కాదు, చాలా చోట్ల అదే ఒక నేరం. వాదించకండి, స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోండి. ‘పోలీస్ ఆఫీసర్‌ని మాట్లాడుతున్నా, ఇప్పుడే డబ్బు వేస్తే కేసు లేకుండా చేస్తా’ అని ఫోన్ వస్తే పెట్టేయండి, ఏ స్టేషనో అడిగి ఆ స్టేషన్ నంబర్ మీరే వెతికి కనుక్కోండి. అసలైన నోటీసు కాగితం మీద వస్తే మాత్రం నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకండి, లాయర్ దగ్గరికి వెళ్లండి, అందులో గడువు తేదీ ఉంటుంది.

సందేహం: నేను కొన్నవాణ్ని. మూడు నెలలు బాగానే ఆడాక పాత ఓనర్ సపోర్ట్‌కి రాసి వెనక్కి తీసేసుకున్నాడు, నన్ను బ్లాక్ చేశాడు. నాకు కొంచెం టెక్నికల్ నాలెడ్జ్ ఉంది, నేనే వెనక్కి లాగొచ్చా? గేమ్ విషయమని పోలీసులు నవ్వుతారేమో.

జవాబు: లాగొద్దు. ఇప్పుడు బాధితుడు మీరు. ఆ పని చేసిన నిమిషం నుంచి నిందితుడు కూడా మీరే.

పాత ఓనర్‌కి కంపెనీ వాళ్లు అంత తేలిగ్గా ఎలా ఇచ్చేశారంటే, స్టీమ్ లాంటి చోట్ల అకౌంట్ ఎవరిదని తేల్చడానికి అడిగేది ఇప్పటి పాస్‌వర్డ్‌ని కాదు, పాత కొనుగోళ్ల వివరాలు: ఏ కార్డుతో కట్టారు, బాక్స్‌లో వచ్చిన కీ ఏది, లాంటివి. అవి మొదటి ఓనర్ దగ్గరే ఉంటాయి, మీరు పాస్‌వర్డ్ వందసార్లు మార్చినా అవి మారవు. కొన్న ప్రతి అకౌంట్‌కీ ఆ వెనుక తలుపు ఉంటుంది.

నవ్వుతారేమో అన్నారు. నెదర్లాండ్స్‌లో 2007లో రూన్‌స్కేప్ ఆడే ఒక అబ్బాయిని ఇద్దరు కుర్రాళ్లు కొట్టి, కత్తితో బెదిరించి, గేమ్‌లోని ఒక తాయెత్తూ, ఒక ముసుగూ తమ అకౌంట్‌కి మార్పించుకున్నారు. అవి కేవలం బొమ్మలు, దొంగతనం ఎలా అవుతుందని వాదించారు. 2012లో అక్కడి సుప్రీంకోర్టు, సంపాదించడానికి సమయం, శ్రమ పెట్టినవి కాబట్టి వాటికి విలువుంది, దొంగతనమే అని తేల్చింది. మీ కేసులో కొట్లాట లేదు కాబట్టి అదే తీర్పు మీకూ వస్తుందని అనుకోవద్దు, కానీ ‘గేమే కదా’ అని తోసేసే రోజులు పోయాయి. కంప్లయింట్‌లో అకౌంట్ గొప్పల గురించి కాకుండా డబ్బు గురించి రాయండి: ఎంత, ఎప్పుడు, ఎవరికి, ఏం మాటిచ్చి తీసుకున్నాడు, ఏ రోజు బ్లాక్ చేశాడు.

కార్డుతోనో పేపాల్‌తోనో కడితే మూడు నెలలంటే వివాదం తెరిచే గడువు ఇంకా ఉండొచ్చు, ముందు ఆ పని చూడండి. ఫీజు తప్పించుకోవడానికి పేపాల్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద పంపి ఉంటే మాత్రం దానికి కొనుగోలు రక్షణ వర్తించదు. అమ్మేవాడు ఆ పద్ధతే కావాలని పట్టుబట్టాడా? అయితే ఆ చాట్ ముక్క కంప్లయింట్‌కి జతచేయండి.

ఇకమీదట కొనాలనే కోరికుంటే, కంపెనీయే ఒప్పుకునే గేమ్‌లు చూసుకోండి. ఉదాహరణకి ఈవ్ ఆన్‌లైన్‌లో ఒక క్యారెక్టర్‌ని ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి మార్చుకోవడానికి వాళ్లే ఒక దారి పెట్టారు, బేరం మాత్రం ఆటలోని కరెన్సీలోనే జరగాలి.

సందేహం: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. మాకు చెప్పకుండా అకౌంట్ అమ్మేశాడు. దానికి నా ఈమెయిల్, నా కార్డు జోడించి ఉన్నాయి. కొన్నవాళ్లు ఇప్పుడు ‘ఒప్పందం ఒప్పందమే’ అంటున్నారు.

జవాబు: మైనర్ చేసుకున్న ఒప్పందం చాలా దేశాల్లో పెద్దవాళ్ల ఒప్పందంలా గట్టిగా నిలబడదు, ఆ మాట వాళ్లకి మర్యాదగా చెప్పి, డబ్బు తిరిగి ఇచ్చేస్తామనండి. బాబు ఆ డబ్బు ఖర్చు పెట్టేసినా మీరు కలిపి ఇవ్వడమే మంచిది.

అయితే అమ్మా, మీ అసలు సమస్య అది కాదు. ఈ క్షణంలో మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ ఒక అపరిచితుడి దగ్గర ఉందా? బాబు గేమ్ పాస్‌వర్డ్ ఒక్కటే ఇచ్చాడా, మెయిల్‌ది కూడా ఇచ్చాడా, కోప్పడకుండా అడగండి, కోప్పడితే సగమే చెప్తాడు. మెయిల్‌ది ఇచ్చి ఉంటే ముందు దాని పాస్‌వర్డ్ మార్చండి, తర్వాత సెట్టింగ్స్‌లో మిగతా పరికరాలన్నిటి నుంచీ సైన్ అవుట్ చేయండి, ఆ తర్వాత ఫార్వర్డింగ్ అడ్రస్‌లో కొత్తగా ఏదైనా చేరిందేమో చూడండి. ఈ మూడోది అందరూ మర్చిపోతారు, పాస్‌వర్డ్ మార్చినా మీ మెయిల్స్ ఆ దారిలో అవతలివాళ్లకి వెళ్తూనే ఉంటాయి. బ్యాంకుకి ఫోన్ చేసి ఆ కార్డు మీద ఆన్‌లైన్ చెల్లింపులు ఆపించాకే కొన్నవాళ్లతో మాట్లాడండి.