చెక్‌పోస్టు దగ్గర ఆగిన లారీ మీద రాయమ్మా

చిత్తూరు

అమ్మాయికి ఆశీస్సులు.

న్యాయ విద్యార్థుల వ్యాసరచన పోటీ కోసం నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. ‘భారత సమాఖ్య వ్యవస్థ – సవాళ్లు’ అనేది పోటీవాళ్లు ఇచ్చిన అంశం. నువ్వు దాన్నే తీసుకొచ్చి శీర్షికగా పెట్టేశావు. చిక్కు అక్కడే మొదలైంది. లోపల రాజ్యాంగ మౌలిక స్వరూపం గురించిన కేశవానంద భారతి కేసు ఉంది, రాష్ట్రపతి పాలన గురించిన బొమ్మై కేసు ఉంది, కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ ఉంది, జీఎస్టీ కౌన్సిల్ కూడా ఉంది. ఏదీ తప్పు కాదు. కానీ చదవడం ముగించాక ‘ఇంతకీ ఈ పిల్ల ఏమంటోంది?’ అని ఎవరైనా నన్ను అడిగితే చెప్పడానికి ఏమీ దొరకలేదు.

ఇలాంటి పోటీల పేపర్లు కొన్నేళ్లుగా దిద్దుతున్నాను కాబట్టి దిద్దేవాడి అవస్థ కొంచెం చెప్తాను. వచ్చినవాటిలో చాలా భాగం ఒకే వ్యాసం. రాజ్యాంగ సభతో మొదలవుతాయి, 1973 ఏప్రిల్ 24న పదమూడు మంది న్యాయమూర్తులు ఇచ్చిన కేశవానంద భారతి తీర్పు దగ్గర ఒకసారి దండం పెట్టుకుంటాయి, కేంద్రం, రాష్ట్రాలు పరస్పర సహకారంతో ముందుకు సాగాలని చెప్పి ముగుస్తాయి. అలా సాగకూడదని ఎవరన్నారు? ఎవరూ కాదనలేని మాట రాస్తే అది వాదన కాదు. మూట్ కోర్టులో, అంటే కాలేజీల్లో పెట్టే నమూనా కోర్టు పోటీలో, నీ పక్షం ఏదో వాళ్లే చెప్తారు, పిటిషనరో రెస్పాండెంటో. వ్యాసంలో ఆ పని నీదే. మూట్‌లకు అలవాటుపడ్డ పిల్లలు ఇక్కడికి వచ్చేసరికి రెండు వైపులా వాదించి, ఎటూ తేల్చకుండా చేతులు దులుపుకుంటారు. నీ వ్యాసంలోనూ అదే జరిగింది.

అంశం అంటే పోటీవాళ్లు చూపించిన పొలిమేర. ఆ పొలం మొత్తం దున్నమని నిన్నెవరూ అడగలేదు. అందులో ఒక్క ప్రశ్న పట్టుకో. జవాబు ‘అవును’ అనో ‘కాదు’ అనో చెప్పగలిగే ప్రశ్న అయితే ఇంకా మంచిది.

అలాంటి ప్రశ్న కోసం నువ్వు ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. మీది పాకాల పక్కన అని రాశావు కదా, దామలచెరువు మామిడి మండీ గురించి నీకు నేను చెప్పేదేముంది. 2025 జూన్ గుర్తు చేసుకో. తోతాపురి మామిడి విరగకాసింది, గుజ్జు ఫ్యాక్టరీల్లో పాత సరుకే కదల్లేదు, ధర పడిపోయింది. రైతుకు కిలోకు 12 రూపాయలు అందాలని, అందులో ఫ్యాక్టరీ 8 ఇస్తే మిగతా 4 తాను ఇస్తానని ప్రభుత్వం చెప్పింది. ఆ రోజుల్లోనే, బయటి రాష్ట్రాల తోతాపురి తమ జిల్లాలోకి రాకూడదని చిత్తూరు జిల్లా యంత్రాంగం ఉత్తర్వు ఇచ్చింది. సరిహద్దు చెక్‌పోస్టుల్లో రెవెన్యూ, పోలీసు, అటవీ, మార్కెటింగ్ సిబ్బందిని కూర్చోబెట్టారు. అవతల కోలారు జిల్లా శ్రీనివాసపురం వైపు రైతులు ఏళ్ల తరబడి మన ఫ్యాక్టరీలకే కాయ తోలేవాళ్లు. లారీలు ఆగిపోయేసరికి కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి లేఖ రాయాల్సి వచ్చింది.

ఒక జిల్లా అధికారి ఉత్తర్వుతో పక్క రాష్ట్రం సరుకును సరిహద్దులో ఆపవచ్చా? ఇదమ్మా నీ వ్యాసం. సమాఖ్య వ్యవస్థ అంతా ఆ లారీలోనే ఉంది.

ఇప్పుడు రాజ్యాంగం తెరువు. 301వ అధికరణం దేశమంతటా వర్తక వాణిజ్యాలు స్వేచ్ఛగా సాగాలంటుంది. 304లో రెండో ఖండం దానికి ఒక సందు ఇస్తుంది. ప్రజాప్రయోజనం కోసం రాష్ట్రం సహేతుకమైన ఆంక్షలు పెట్టుకోవచ్చు. అయితే శాసనసభ చేసిన చట్టం ద్వారానే పెట్టాలి, ఆ బిల్లు సభలో పెట్టకముందే రాష్ట్రపతి అనుమతి ఉండాలి. మరి కలెక్టరేట్ నుంచి వచ్చిన కాగితం చట్టమా? ఆ కాగితంలో ఏ చట్టం, ఏ సెక్షన్ పేరు చెప్పారు? ముందు దాని కాపీ సంపాదించు. వార్తల్లో వచ్చిన ముక్క చాలదు, ఉత్తర్వే కావాలి. సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో అడగొచ్చు. కాకపోతే జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది, పోటీ గడువు దానికోసం ఆగదు. కాబట్టి ఈ వారమే దరఖాస్తు పెట్టు. ఆలోపు తెలిసిన మండీ వ్యాపారిని ఎవరినైనా అడుగు. ఇలాంటి కాగితాలు ఆఫీసు ఫైళ్లలోకంటే వాళ్ల వాట్సాప్‌లో తొందరగా దొరుకుతాయి.

తర్వాత తీర్పులు. నువ్వు జిందాల్ స్టెయిన్‌లెస్ కేసు ఒక్కటే చూసి, 301వ అధికరణం బలం తగ్గిపోయిందని ఒక్క వాక్యంలో తేల్చేశావు. 2016లో తొమ్మిది మంది న్యాయమూర్తుల బెంచి తేల్చింది పన్నుల సంగతి. పన్ను వేసినంత మాత్రాన 301ని ఉల్లంఘించినట్టు కాదని మెజారిటీ చెప్పింది. మన లారీని ఆపింది పన్ను కాదు, నిషేధం. దానికి అటియాబారి టీ కేసు, దాని వెనకే వచ్చిన రాజస్థాన్ ఆటోమొబైల్ ట్రాన్స్‌పోర్ట్ కేసు ఇప్పటికీ చదవాల్సిందే. ఒకటి అస్సాం నుంచి బయటికి వెళ్లే టీ మీద పన్ను గురించి, ఇంకొకటి రాష్ట్రంలో తిరిగే వాహనాల మీద పన్ను గురించి. రెండూ పన్ను కేసులే అయినా, సరుకు కదలికకు నేరుగా అడ్డుపడేది ఏది, కేవలం క్రమబద్ధం చేసేది ఏది అన్న గీత అక్కడే గీశారు.

వీటన్నిటికంటే నీకు పనికొచ్చేది ఒకటుంది. అది మన దగ్గరి కేసే, అయినా పిల్లల పేపర్లలో నాకు కనపడదు. 1970 నాటి హైదరాబాద్ జిల్లా కలెక్టర్ వర్సెస్ ఇబ్రహీం అండ్ కంపెనీ. అక్కడ సరుకు పంచదార. లైసెన్సు ఉన్న వ్యాపారులను పక్కనపెట్టి, కోటా సహకార దుకాణాలకు మళ్లిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. చట్టం అండ లేకుండా, కేవలం కార్యనిర్వాహక ఉత్తర్వుతో వ్యాపార స్వేచ్ఛను కట్టడి చేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే తొందరపడకు. ఆ కేసులో సరిహద్దు లేదు, పక్క రాష్ట్రం లేదు. పంచదారకు చెప్పింది మామిడికి ఎంతవరకు వర్తిస్తుందో నువ్వు వాదించి చూపించాలి. నీ సొంత ఆలోచన ఎంత ఉందో దిద్దేవాడికి తెలిసేది ఆ రెండు మూడు పేరాల్లోనే. మిగతా వ్యాసమంతా వాటికోసమే ఉండాలి.

తీర్పును తీర్పుగానే చదువు. పైన ఉండే సారాంశం, అంటే హెడ్‌నోట్, ఎడిటర్ రాసింది, న్యాయమూర్తి రాసింది కాదు. సుప్రీంకోర్టు రిపోర్టులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి కాబట్టి పుస్తకం దొరకలేదన్న సాకు చెల్లదు. విడివిడిగా తీర్పులు రాసిన కేసుల్లో నువ్వు ఎత్తిరాసిన వాక్యం మెజారిటీదో, విభేదించిన న్యాయమూర్తిదో చూసుకో. భిన్నాభిప్రాయాన్ని పట్టుకొచ్చి ‘కోర్టు తీర్పు చెప్పింది’ అని రాసిన పేపర్లు నేను ప్రతిసారీ చూస్తుంటాను. అక్కడితో ఆ పేపర్ మీద నమ్మకం పోతుంది.

ఇంకో సంగతి కాస్త ఇబ్బందిగా ఉంటుంది. మీ నాన్న కూడా ఆ ఏడాది కాయ కోత కూలికి కూడా గిట్టక చెట్టుకే వదిలేశాడని ఫోన్‌లో అన్నావు. చట్టాన్ని వెతుక్కుంటూ పోతే నీకు దొరికే జవాబు మీ ఇంటికి నచ్చకపోవచ్చు. అయినా అదే రాయి. కానీ ప్రభుత్వ పక్షాన్ని గడ్డిబొమ్మలా నిలబెట్టి కొట్టొద్దు. వాళ్ల తరఫున గట్టి లాయర్ ఉంటే ఏమంటాడో రాయి. ఇది నిషేధం కాదు, ఒక సీజన్‌కు పరిమితమైన క్రమబద్ధీకరణ అంటాడు. 1966 నాటి మన వ్యవసాయ మార్కెట్ల చట్టంలో ఆధారం వెతుకుతాడు. సబ్సిడీ డబ్బు మన రైతుకు చేరాలంటే బయటి కాయ కలవకూడదు కదా అంటాడు. ఈ మూడోది గట్టి మాటే, దాన్ని దాటవేయకు. బయటి లారీని ఆపకుండానే, పట్టాదారు వివరాలు చూసి సబ్సిడీ ఇచ్చే దారి ఉందా అని అడుగు. అంతకంటే తక్కువ ఆంక్షతో పని జరిగేదైతే ఆ నిషేధం సహేతుకమా? నీ వ్యాసానికి వెన్నెముక ఇదే అవుతుంది.

నీ ఇంగ్లీషు గురించి అంత టెన్షన్ పడకు. తెలుగు మీడియం నుంచి వచ్చానని మూడుసార్లు రాశావు, ఒక్కసారి రాసినా అక్కర్లేని మాటే. నీ వాక్యాలు తప్పు కాదు, పొడవు. నాలుగు లైన్ల వాక్యాన్ని మూడు ముక్కలు చెయ్. లాటిన్ సూక్తులన్నీ తీసేయ్. అవి ఉంటే పాండిత్యం కనపడుతుందని ఎవరు చెప్పారో గానీ, నాకు మాత్రం గైడు పుస్తకం కనపడుతుంది.

ఇక చిల్లర విషయాలు. చిల్లరే గానీ మంచి పేపర్లు కూడా వీటి దగ్గరే పోతాయి. పద పరిమితిలో ఫుట్‌నోట్లు కలుస్తాయో లేదో నిబంధనల్లో చూడు. ఫుట్‌నోట్లు రాసే పద్ధతి బ్లూబుక్ అడిగితే బ్లూబుక్, ఓస్కోలా అడిగితే ఓస్కోలా, రెండూ కలిపి వండొద్దు. శిక్షాస్మృతి ప్రస్తావన వస్తే 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉందన్నది మరవకు. పేరు, కాలేజీ లేకుండా పంపమంటారు కదా, అందరూ మొదటి పేజీలో తీసేసి ఊరుకుంటారు. ఫైల్ ప్రాపర్టీస్‌లో రచయిత పేరు అలాగే ఉండిపోతుంది. ఇంటర్నెట్ సెంటర్‌లో టైప్ చేయిస్తే అక్కడ ఆ సెంటర్ పేరు ఉంటుంది, అదో వింత. పంపేముందు అది చెరిపెయ్.

ఏఐతో రాయించడం గురించి నువ్వు అడగలేదు, అయినా చెప్తున్నాను. 2023లో న్యూయార్క్‌లో మాటా వర్సెస్ అవియాంకా కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన కేసులను కోర్టుకు సమర్పించారు. అవి అసలు లేనే లేవు. జడ్జి 5,000 డాలర్లు జరిమానా వేశాడు. నీ ఫుట్‌నోట్లలో ఏడోది, పదకొండోది నాకు ఎక్కడా దొరకలేదు. ఎక్కడివో నేను అడగను. తెరిచి చదివిన తీర్పు తప్ప ఇంకొకటి ఫుట్‌నోట్‌లో పెట్టకు.

పోటీని ఎంచుకునేటప్పుడు కూడా చూసుకో. పాల్గొన్న అందరికీ ఈ-సర్టిఫికెట్ అని పెద్దక్షరాల్లో వేసి, రుసుము అడిగి, దిద్దేవాళ్లెవరో చెప్పనివి చాలా తిరుగుతున్నాయి. పాత విజేతల వ్యాసాలు బయట పెట్టినవాళ్ల పోటీ అయితే ముందు ఆ వ్యాసాలు చదువు. అలా పెట్టకపోతే ఆ డబ్బుతో దామలచెరువు బస్సెక్కు.

రెండో ప్రతి రాసేటప్పుడు మొదటి పేజీలోనే నీ ప్రశ్న, నీ జవాబు ఉండాలి. ప్రింట్ తీసి, పక్కన మార్జిన్ వదిలి పోస్టులో పంపు. ఫోన్‌లో చదవడం నావల్ల కాదు. ఉత్తర్వు కాపీ దొరికితే అది కూడా జత చెయ్, నాకూ చూడాలని ఉంది.

ఇట్లు,
నీ సార్