మూసీ వరదల ప్రాజెక్టు గురించి మేనకోడలికి

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

తొమ్మిదో తరగతి పిల్లలచేత 1908 నాటి మూసీ వరదల మీద ప్రాజెక్టు చేయించబోతున్నాననీ, ఆన్‌లైన్‌లో ఏమేమి వాడమనాలో చెప్పమనీ రాశావు. వెబ్‌సైట్ల పట్టిక ఒక్కటే చేతికిస్తే పిల్లలు మొదట కనిపించినదాన్ని దించుకొస్తారు. అందుచేత వాళ్లు రాసిన ప్రతి విషయం దగ్గరా ‘ఇది నీకెక్కడ దొరికింది, అది రాసినవాళ్లకెక్కడ దొరికింది’ అని అడుగుతూ ఉండు.

వికీపీడియాను నిషేధించవద్దు. వ్యాసం చదివాక అడుగున ఉన్న మూలాల్లోకి దిగమను. వరదలో చనిపోయినవారు సుమారు 15,000 మంది అని చాలాచోట్ల కనిపిస్తుంది, కొన్నిచోట్ల అంతకు మించిన అంకెలూ ఉంటాయి. ఏది ఎవరు, ఎప్పుడు వేసిన అంచనాయో వెదకడం పిల్లలకు మంచి పని. వరద తరువాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇక్కడి పని గురించి తన ఆత్మకథలో స్వయంగా రాశాడు. వరదల అదుపుకోసం కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల గురించి ఆయన మాటే ఉండగా ఎవరో పెట్టిన పోస్టును ఆధారంగా చూపడం నాకు నచ్చదు.

గూగుల్‌లో ప్రశ్న మొత్తం టైపు చేయడం పిల్లలకు అలవాటు. దానికి బదులు ఆ కాలపు రాతల్లో ఉండగల మాటలు ఊహించమను. మూసీని ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాశారు. ఉర్దూలో ఆ వరదను తుగ్యానీ అన్నారు. నీ తరగతిలో ఉర్దూ వచ్చిన పిల్లలుంటే ఈ విషయంలో వాళ్లే మిగతావారికి దారి చూపగలరు. పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఆ మాటలు అదే వరుసలో ఉన్న పేజీలు వస్తాయని కూడా చెప్పు.

పాత పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్ చూడాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన తెలుగు పుస్తకాలు అనేకం అక్కడ ఉన్నాయి, అయితే వాటి పేర్లను చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో, తరచు తప్పులతో ఎక్కించారు. తెలుగులో వెదికి దొరకలేదని వదిలేయకుండా, ఇంగ్లీషు అక్షరాల్లో ఒత్తులు, దీర్ఘాలు మార్చి మార్చి కొట్టి చూడాలి. రచయిత పేరుతోనూ ప్రయత్నించాలి. ఓపికను పరీక్షించే పనే, కాని దొరికినప్పుడు అసలు పుటే కళ్లముందుంటుంది. నీకోసమైతే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే, విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు తోడ్పడే సంస్థ నడిపే శోధ్‌గంగ వెబ్‌సైట్ ఉంది. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను అక్కడ ఉచితంగా చదవవచ్చు. నేనైతే ముందు చివరనున్న ఉపయుక్త గ్రంథసూచినే తెరుస్తాను, ఎందుకంటే ఎవరో ఏళ్ల తరబడి పోగుచేసిన జాబితా అది.

చాట్‌బాట్‌ను పిల్లలు ఎలాగూ అడుగుతారు. ఏ మాటలతో వెదకాలో దానిని అడగనివ్వు. కాని అది చెప్పిన పుస్తకం, పుట సంఖ్య వేరే చోట కంటికి కనిపించేదాకా నోటుబుక్కులోకి ఎక్కనివ్వకు. లేని గ్రంథానికి కూడా అది నమ్మదగిన పేరు పెట్టగలదు.

మూలాలను భద్రపరచడానికి జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. బడి కంప్యూటరులో కుదరకపోతే రూళ్ల పుస్తకం చాలు: రచయిత, పేరు, సంవత్సరం, పుట, వెబ్ పేజీ అయితే చూసిన తేదీ.

ఆన్‌లైన్‌కు ఎక్కనివి ఇంకా ఎన్నో ఉన్నాయి కనుక ఒకరోజు పిల్లలను అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి తీసుకువెళ్లు. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన సంస్థ అది, ఇప్పటి భవనం మూసీ ఒడ్డునే ఉంది. తరగతి మొత్తంతో హఠాత్తుగా వెళితే అక్కడివారికి ఇబ్బంది. ఏయే సంవత్సరాల పత్రికలు కావాలో ముందే ఉత్తరం రాసి, అనుమతి తీసుకుని వెళ్లు.

ఇట్లు,
నీ మామయ్య