బిందె మీద దరువేసే పిల్లకు ఏ వాద్యం?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పాపకి ఎనిమిదేళ్లు. సంగీతం నేర్పిద్దామంటే ఇంట్లో తలో మాట. అత్తగారు అటక మీదున్న తన వీణ దింపమంటారు, మావారు కీబోర్డు కొంటానంటారు. పాపేమో బిందె కనిపిస్తే చాలు దరువేస్తుంది. మా ఊరికి వారానికి రెండు రోజులు వచ్చే మాస్టారు వయొలిన్, మృదంగం చెబుతారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, జవాబు ఆ బిందె దగ్గరే ఉంది కదా. మృదంగం నేర్పించండి. పిల్ల పొద్దస్తమానం దరువేస్తుంటే, నేర్పే మాస్టారు ఊళ్లోకే వస్తుంటే, ఇంట్లో ఒక్కరి నోటా మృదంగం మాట రాలేదంటే ఆడపిల్లకెందుకని కాదూ? 2021లో పద్మశ్రీ అందుకున్న దండమూడి సుమతీ రామమోహనరావు గారు ఆడవారే, ఆవిడ వాయించేది మృదంగమే, ఈ ముక్క మీ అత్తగారికి చెప్పండి.

వీణంటే నాకూ ప్రాణమే. కానీ నాలుగడుగుల వీణ, ఎనిమిదేళ్ల పిల్ల ఎడమచెయ్యి చివరి మెట్టు (తీగ నొక్కే పట్టీ) దాకా సాగాలంటే కష్టం, పైగా దాని 24 మెట్లూ మైనంలో నిలబెట్టినవి, అన్నేళ్లు అటక మీద వేడికి ఉన్నాక అవి కదలకుండా ఉంటాయనుకోను, మళ్లీ మెట్లు వేయించాలి, అది తెలిసినవాళ్లే చెయ్యాల్సిన పని. రెండు మూడేళ్లు ఆగండి. అత్తగారే రోజూ కూర్చోబెట్టి చెబుతానంటే మాత్రం నా మాట వెనక్కి తీసుకుంటాను!

కీబోర్డు మీద సినిమా పాటలు త్వరగా వస్తాయి, స్వరాన్ని ఊపి పలికించే గమకం దగ్గరికొచ్చేసరికి చిక్కు. వయొలిన్ అయితే పిల్లల చేతికి తగ్గట్టు సగం, ముప్పావు సైజుల్లో దొరుకుతుంది, పాప మనసు మారితే మాస్టారు ఎలాగూ ఉన్నారు.

వెంటనే కొనేయకండి. మొదట త ధి తొం నం అనే మృదంగం దెబ్బల పేర్లు నోటితో చెప్పడం రావాలి, ఆ కొన్నాళ్లూ మాస్టారి పాత మృదంగం అడగండి. కొనేటప్పుడు కూడా ఆయన్నే వెంటబెట్టుకెళ్లి పిల్ల చేతులు రెండు వైపులా హాయిగా అందేది చూడండి. మొదట్లో వేళ్లు నొప్పంటుంది, టెన్షన్ పడకండి. మన కాలవ గట్ల ఊళ్లలో వానాకాలం తేమకి చర్మం సాగి శ్రుతి దిగుతుంది, కాబట్టి గచ్చు మీద పెట్టకుండా గుడ్డ చుట్టి ఎత్తుగా ఉంచాలి. మోత గంభీరంగా రావడానికి ఎడమ వైపు పెట్టిన తడి రవ్వ వాయించాక గీకి తుడవకపోతే రాత్రికి ఎలకలకి విందే.

వీణని మాత్రం, ఎవరు నేర్చుకున్నా నేర్చుకోకపోయినా, ఎండలు ముదరకముందే అటక దింపించండి.